పూర్వీకుల జాడ తీసే సేవ: కాగితాలు దొరికాయి, వంశవృక్షం తప్పింది

ఈ ఏడాది మా బాపుకు సహస్ర చంద్ర దర్శనం జరిపించాం. ఆ సందర్భంగా ఆయనకు బట్టలూ బంగారమూ పెట్టడం కంటే, ఆయన తండ్రి తాతల వివరాలను పాత రికార్డుల్లోంచి వెతికించి, ఒక వంశవృక్షంగా గీయించి చేతికి ఇవ్వాలని అక్కచెల్లెళ్ళం ముగ్గురమూ అనుకున్నాం. హైదరాబాదులో రుసుము తీసుకొని ఈ పని చేసిపెట్టే ఒక చిన్న సంస్థకు 24,000 రూపాయలు చెల్లించి బాధ్యత అప్పగించాం. నాలుగు నెలల తరువాత మా చేతికి వచ్చినవి రెండు: పాత కాగితాల నకళ్ళూ వాటి తెలుగు అనువాదాలూ ఉన్న ఒక ఫైలు, అద్దం కట్టించిన ఒక పెద్ద వంశవృక్షం. ఫైలును మేము కళ్ళకు అద్దుకున్నాం. వంశవృక్షాన్ని మాత్రం వెనక్కి పంపవలసి వచ్చింది. తమ పొరపాటును వారు ఒప్పుకొని దిద్దారు కనుక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి సేవ కోసం డబ్బు పెట్టాలనుకునేవారు దేనికి పెట్టాలో, దేన్ని తామే పరీక్షించుకోవాలో మా అనుభవం నుంచి తెలుసుకోవచ్చునన్నది నా ఉద్దేశం.

మొదటి రోజు ఆ సంస్థ నుంచి ఇద్దరు నల్లకుంటలోని మా ఇంటికి వచ్చారు. వంశం గురించి అడుగుతారని తాతల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను కానీ, వారు ఆ కాగితం జోలికి పోకుండా ముందుగా పొలం గురించి అడిగారు. ఊరికి ఏ దిక్కున ఉండేది, చెరువు కిందిదా బావి కిందిదా, ఆ చెక్కను ఏ పేరుతో పిలిచేవారు, గట్టు పొత్తు ఎవరితో, ఆడపిల్లలను ఏ ఊళ్ళకు ఇచ్చారు, ఇంటిలో చావు జరిగితే ఏ ఊరి నుంచి బంధువులు వచ్చేవారు అని రెండున్నర గంటలపాటు అడుగుతూ, బాపు చెప్పినదంతా ఆయన అనుమతితో రికార్డు చేసుకున్నారు. దీనికి వారు చెప్పిన కారణం నాకు బాగా నచ్చింది. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఒకే పేరు తరం విడిచి తరం తిరిగి వస్తూ ఉంటుంది, నిజాం కాలపు భూమి లెక్కల్లో ఇంటిపేరు చాలాసార్లు రాయనే రాయరు, పక్క ఊరిలోనూ అదే పేరుతో మరొకరు ఉంటారు. నంబరు పడిన పొలం మాత్రం ఎక్కడికీ పోదు కాబట్టి దాన్ని పట్టుకొని వెనక్కి నడవాలి అన్నారు. తరువాత వారు తమ మాటనే మరిచిపోయారన్నది వేరే సంగతి, దాని దగ్గరికి వస్తాను.

తెలంగాణలో ఒక రైతు కుటుంబం జాడ తీయడానికి ఉన్న దారి ఏమిటో వారు ఆ రోజే వివరించారు. మొదటి మెట్టు 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే ఊరి భూమి రిజిస్టరు. పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరు ఉన్నారు, తండ్రి పేరేమిటి అన్నవి సర్వే నంబరు వారీగా అందులో ఉంటాయి. ఆ తరువాతి మూడేళ్ళకు చేసాల పహాణీ ఉంటుంది. వెనక్కి వెళితే శిస్తు చెల్లింపులు చూపే వసూల్ బాకీ, ఫైసల్ పట్టీ, పట్టాదారు చనిపోయినప్పుడు వారసుల పేర మార్చిన ఫౌతీ, విరాసత్ మిసిళ్ళు, అన్నిటికీ మూలంగా బందోబస్తు నాటి, అంటే భూమి కొలిచి శిస్తు ఖరారు చేసిన నాటి, సేత్వార్ అనే రిజిస్టరు వస్తాయి. ఇవన్నీ ఒక చోట ఉండవు. కొన్ని మండల కార్యాలయాల్లో, కొన్ని జిల్లా సర్వే, భూమి రికార్డుల శాఖలో, మరికొన్ని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. వంశపారంపర్యపు పటేల్ పట్వారీ వ్యవస్థను 1984లో రద్దు చేసేదాకా ఊరి లెక్కలు పట్వారీల ఇళ్ళలోనే ఉండేవి. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో చాలా ఊళ్ళలో ఆ దస్త్రాలు కాలిపోయాయి. కాబట్టి ఫలానా కాగితం దొరికి తీరుతుందని ఎవరైనా ముందే హామీ ఇస్తే నమ్మకూడదు. వీరు అటువంటి హామీ ఇవ్వలేదు, నిజాయితీగా అది చెప్పారు. జనాభా లెక్కల్లో మా తాతల పేర్లు దొరకవా అని మా చెల్లెలు అడిగితే, నిజాం రాజ్యంలో 1881 నుంచీ లెక్కలు జరిగినా అవి మనకు అంకెలుగానే మిగిలాయనీ, 1948 నాటి చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు గోప్యమనీ చెప్పి, ఆ ఆశను అక్కడే మానిపించారు.

ఈ సేవలో అసలైన విలువ చదవడంలో ఉంది. నిజాం రాజ్యంలో 1880ల దాకా సర్కారు కాగితం పార్శీలో నడిచింది, ఆ తరువాత ఉర్దూలోకి మారింది. ఈ రోజు ఉర్దూ పత్రిక ధారాళంగా చదివేవారు కూడా ఆనాటి గుమాస్తాల షికస్తా, అంటే గొలుసుకట్టు, రాతను చూస్తే ఆగిపోతారు. అక్షరాలు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోయి, చుక్కలు సగం ఎగిరిపోయి ఉంటాయి. తేదీలు శిస్తు లెక్కలకు వాడే ఫసలీ సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది కానీ, హైదరాబాదు రాజ్యంలో ఏడాది అక్టోబరు 6న ఆజూర్ నెలతో మొదలయ్యేది కాబట్టి, నెల పేరు చూడకుండా లెక్క కడితే ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. మాకు ఇచ్చిన ఫైలులో ప్రతి కాగితానికీ ఎడమ పుటలో నకలు, కుడి పుటలో తెలుగు అనువాదం పెట్టి, తేదీలను రెండు పద్ధతుల్లోనూ రాశారు. వల్ద్ అంటే కుమారుడు, జౌజె అంటే భార్య, సాకిన్ అంటే నివాసి అని ఆ మాటలను అలాగే ఉంచి అర్థాలు కింద ఇచ్చారు. ఈ పని చేసిన పెద్దాయన పాతబస్తీలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయుడని తెలిసింది. అనువాదంలో ఎక్కడైనా మాట తేలకపోతే దాన్ని ఊహతో నింపకుండా, చదవడానికి వీలు కాలేదని రాసిపెట్టిన ఆయన నిజాయితీకి నేను నమస్కరిస్తున్నాను.

ఇప్పుడు తప్పు సంగతి. బాపు తన తాత పేరు పాపయ్య అని మొదటి రోజే చెప్పారు. ఆయన 1908 మూసీ వరదలో పోయాడని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. బండి మీద ధాన్యం వేసుకొని పట్నానికి వచ్చాడనీ, అఫ్జల్‌గంజ్ దగ్గర రాత్రి బస చేశాడనీ, తెల్లవారేసరికి మనిషీ లేడు, బండీ లేదనీ ఆ కథ. సంస్థ వారు గీసిన వంశవృక్షంలో మా తాతకు తండ్రిగా పాపయ్యకు బదులు బాబయ్య అని ఉంది. ఇంట్లో పాపయ్య అని పిలిచినా ఖాస్రా పహాణీలో బాబయ్య అనే ఉందని వివరించారు. బాబయ్య పైన మరో నాలుగు తరాలు చక్కగా కొమ్మలు వేసి ఉన్నాయి. అంత పెద్ద చెట్టును చూసిన ఆనందంలో మేము పేరు తేడాను పెద్దగా పట్టించుకోలేదు. సర్కారు కాగితం చెప్పినదే నిజమై ఉంటుందని అనుకున్నాం. బాపు మాత్రం చాలాసేపు దాని వైపే చూసి, "మా తాత పాపయ్య బిడ్డా. బాబయ్యోళ్ళు వేరే. వాళ్ళ పొలం చెరువు కింద, మనది గుట్ట దిక్కు" అన్నారు. ఎనభై దాటిన మనిషి జ్ఞాపకం కదా అని నేను ఆ రాత్రి ఊరుకున్నాను. ఆ మాట ఊరుకోనివ్వక మరునాడు ఫైలు ముందు వేసుకొని కూర్చున్నాను.

ఉర్దూ లిపిలో 'ప'కు కింద మూడు చుక్కలు, 'బ'కు ఒక చుక్క. అక్షరం ఆకారం మాత్రం ఒకటే. వేగంగా రాసే గుమాస్తా మూడు చుక్కలనూ విడివిడిగా పెట్టడు, ఒక చిన్న కొక్కెంలా కలిపి లాగేస్తాడు, ఒక్కోసారి అది ఒక చుక్కంత మిగులుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఖాస్రా పహాణీ నకలులో మొదటి అక్షరం కింద ఉన్న గుర్తు గుండ్రంగా లేదు, తోక ఉంది. మా పక్కింటి ఉర్దూ టీచరుగారికి చూపిస్తే, ఇది రెండు విధాలా చదవవచ్చు, లిపిని బట్టి తేల్చడం కుదరదు అన్నారు. తేల్చగల కాగితం అదే ఫైలులో, చివరి నుంచి మూడోదిగా ఉంది. అది 1339 ఫసలీ నాటి విరాసత్ మిసిల్, అంటే 1929 అక్టోబరు నుంచి 1930 అక్టోబరు మధ్యది. అందులో పట్టాదారు పాపయ్య ఫౌత్ అయ్యాడనీ, అంటే చనిపోయాడనీ, పెద్ద కొడుకు వయసు 9 ఏళ్ళు కనుక తల్లి సంరక్షణలో పట్టా అతని పేర చేయాలనీ ఉంది. ఆ 9 ఏళ్ళ పిల్లవాడే మా తాత. సర్వే నంబరు గుట్ట దిక్కు పొలానిదే. మూడు చుక్కలూ మూడు గోరింటాకు బొట్లలా విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి.

వారు పట్టుకున్న బాబయ్య ఎవరో కూడా ఆ ఫైలే చెప్పింది. అదే ఊరిలో చెరువు కింద ఇనాము భూమి ఉన్న మరొక కుటుంబం ఆయనది. ఇనాముల విచారణ జరిపిన అతియత్ శాఖ ఇచ్చే ముంతఖబ్ అనే హక్కు పత్రానికి షజ్రా, అంటే వంశ పట్టిక, జతచేసి ఉండటం వల్ల నాలుగు తరాల పేర్లు ఒక్కసారిగా చేతికి చిక్కాయి. ఆయన ఫౌతీ 1318 ఫసలీ మొదటి నెలలో నమోదైంది. మూసీ వరద వచ్చింది 1908 సెప్టెంబరు 28న, అంటే 1317 ఫసలీ ముగియడానికి ఒక వారం ముందు. మా ఇంటి కథకూ ఆ తేదీకీ అతికినట్టు సరిపోయింది. పేరు దాదాపుగా అదే, ఊరు అదే, చావు వరద రోజుల్లోదే. అంత చక్కగా కుదిరిన తరువాత వారు మళ్ళీ ప్రశ్నించలేదు. అయితే 1908లో పోయిన మనిషికి 1920లో కొడుకు ఎలా పుడతాడు? విరాసత్ మిసిల్ నకలు ఆలస్యంగా చేతికి వచ్చిందనీ, అప్పటికే చార్టు అచ్చుకు వెళ్ళిందనీ, అనువాదం చేసినవారు వేరు, చార్టు గీసినవారు వేరు అనీ తరువాత ఫోనులో చెప్పారు. అది కారణమే కావచ్చు, సమర్థన మాత్రం కాదు. మా దగ్గర 24,000 రూపాయలు తీసుకున్నది కాగితాలు మోసుకురావడానికి మాత్రమే కాదు, వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడటానికి కూడా.

ఇందులో మా వంతు తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. వరద కథను మేమే వారికి ఎంతో నమ్మకంగా చెప్పాం. మా ముత్తాత వరదలో పోలేదని కాగితం చెబుతోంది. అయితే కథ ఎక్కడి నుంచి వచ్చింది? బాబయ్యగారి కుటుంబపు కథ ఊరంతా తిరిగి మా ఇంటికి చేరిందో, లేక మా పాపయ్య తండ్రికి జరిగింది ఒక తరం కిందికి జారిందో తెలియదు. ఇంటి కథల్లో స్థలమూ సంఘటనా నిలబడతాయి, తరమే జారిపోతుందని ఆ పాతబస్తీ పెద్దాయన అన్న మాట నాకు నిజమనిపించింది. అందుకే ఇటువంటి సేవకు వివరాలు చెప్పేటప్పుడు, కళ్ళతో చూసినది వేరుగా, విన్నది వేరుగా, ఎవరి నోట విన్నారో దానితో సహా చెప్పడం మంచిది.

తప్పు చూపించిన రెండో వారంలోనే వారు ఒప్పుకున్నారు. సవరించిన చార్టు రావడానికి మాత్రం ఏడు వారాలు పట్టింది, అప్పటికి వేడుక జరిగిపోయింది. బంధువులందరి ముందూ మా బాపుకు మేము ఇచ్చింది చార్టు కాదు, ఆ ఫైలు. కొత్త చార్టులో బాపు నుంచి పైకి మూడే తరాలు ఉన్నాయి. పాపయ్య తండ్రి పేరు సేత్వార్‌లో ఒక్కచోట మాత్రమే దొరికింది కాబట్టి దాన్ని చుక్కల గీతతో కలిపి, ఒకే ఆధారం అని పక్కన రాశారు. ఏ పేరు ఏ కాగితం నుంచి వచ్చిందో ప్రతి పేరు కింద ఫైలు పుట సంఖ్య వేశారు. మొదటిసారే ఇలా గీసి ఉంటే ఈ సమీక్ష మరో విధంగా ఉండేది. ఏడు తరాల బంగారు రంగు చెట్టు కంటే మూడు తరాల ఈ సాదా చార్టు మాకు ఎక్కువ ఇష్టం. ఎందుకంటే ఇందులో ఉన్నవాళ్ళు మావాళ్ళు.

ఆ విరాసత్ మిసిల్ గురించి ఇంకొంత చెప్పాలి. అందులో నాలుగు పుటలున్నాయి. మూడో పుట మా ముత్తవ్వ ఇచ్చిన బయాను, అంటే వాంగ్మూలం. పేరు లచ్చమ్మ జౌజె పాపయ్య. బాపు పుట్టకముందే ఆమె పోయింది. ఇంట్లో అందరూ ముసలవ్వ అనే చెప్పుకునేవారు కనుక ఆమె అసలు పేరు బాపుకు ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో ఈ కాగితం ద్వారానే తెలిసింది. తనకు ఇద్దరు కొడుకులనీ, పెద్దవాడికి 9 ఏళ్ళు, చిన్నవాడికి 2 ఏళ్ళనీ ఆమె చెప్పినట్టు రాసి ఉంది. ఆ చిన్నవాడి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. తరువాతి కాగితాల్లో ఎక్కడా అతని పేరు లేదు. బయాను కింద ఎడమ వైపున నల్లటి సిరాతో వేలిముద్ర, దాని చుట్టూ గుమాస్తా చేతిరాతలో ఆమె పేరు. నకలు తీసిన యంత్రం బాగా పనిచేసింది, ముద్రలోని గీతలు కూడా కనిపిస్తున్నాయి, ఒక చోట అడ్డంగా గీతలు తెగి ఉన్నాయి. కొడవలి గాటు అయ్యుంటుందని బాపు అన్నారు. ఆయన తన బొటనవేలిని ఆ ముద్ర పక్కన పెట్టి చూసుకున్నారు. ఆ కాగితాన్ని వెతికి తెచ్చినందుకు ఆ సంస్థకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను, ఈ మాటను తప్పు చెప్పిన చోటే చెప్పడం న్యాయమని రాస్తున్నాను.

మా అమ్మ వైపు వెతుకులాట మాత్రం ఫలించలేదు. వారికి పట్టా భూమి లేదు, తరాలుగా కౌలుకు చేసుకొని బతికారు. ఏమీ దొరకలేదని సగం పుటలో రాసి ఇచ్చారు. పట్టా లేనివారి పేర్లు పట్టాదారుల లెక్కల్లో దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు కానీ, కౌలుదారుల పేర్లు వేరే చోట ఉంటాయి. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు తయారయ్యాయి, వాటిలో కౌలుదారు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు ఉంటాయి. ఖాస్రా పహాణీలోనూ సాగులో ఉన్నవారి పేరుకు వేరే గడి ఉంది. ఈ రెండూ చూశారా అని అడిగితే చూడలేదన్నారు. పట్టాదారు గడి దగ్గరే ఆగిపోయారు. భూమి ఉన్నవారి పూర్వీకులను వెతికే అలవాటు పడిన కళ్ళు భూమి లేనివారి దగ్గర త్వరగా అలసిపోతాయన్నది నాకు ఈ సేవలో అన్నిటికంటే బాధ కలిగించిన లోపం. డబ్బు రెండు వైపులకూ ఒకటే తీసుకున్నారు మరి. ఇప్పుడు అదనపు రుసుము లేకుండా ఆ రిజిస్టర్లు చూస్తామని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

డబ్బు విషయానికి వస్తే, 24,000లో సగం ముందుగా, మిగతా సగం ఫైలు చేతికి ఇచ్చినప్పుడు తీసుకున్నారు. ధ్రువీకృత నకళ్ళ రుసుములు, ప్రయాణ ఖర్చులు వేరుగా 3,600 రూపాయలు అయ్యాయి, రసీదులు చూపించారు. మా దగ్గర తీసుకున్న పాత పట్టా పాసు పుస్తకం, అమ్మకపు దస్తావేజు అసలు ప్రతులను స్కాన్ చేసుకొని రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేశారు. ఒక మండల కార్యాలయంలో నకలు కోసం పెట్టుకున్న అర్జీకి పదకొండు వారాలు జవాబు రాలేదు, ఆ ఆలస్యానికి సంస్థను తప్పు పట్టలేను. తీరిక ఉండి, కొంత ఉర్దూ వచ్చినవారు ఇందులో సగం పని సొంతంగా చేసుకోగలరనే నా అభిప్రాయం. ఖాస్రా పహాణీ నకలు కోసం సర్వే నంబరు చెప్పి ఎవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. విరాసత్ మిసిళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అనుభవం ఉన్న మనిషి కావాలి.

రుసుము అడిగే మరికొందరి ప్రకటనలు కూడా ఆ రోజుల్లో చూశాను. మొగలుల కాలం దాకా మీ వంశం చూపిస్తాం అన్నది వాటిలో ఒకటి. తార్నాక ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి కాగితాలు లక్షన్నర దాకా ఉన్న మాట నిజం. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలపు 1406 నాటి ఫర్మానా కూడా అక్కడ ఉంది. అయితే ఆ మొగలు కాగితాల్లో ఎక్కువ భాగం సైన్యానికీ జాగీర్లకూ సంబంధించినవి. సిపాయి ముఖ కవళికలు, గుర్రం మీది ముద్ర, జీతం లెక్క వాటిలో ఉంటాయి. గుట్ట పక్కన జొన్నలు వేసుకున్న రైతు పేరు అందులో ఉంటుందని ఆశించడం అన్యాయం. జన్యు పరీక్షలు చేసి పూర్వీకుల పేర్లు చెబుతామనేవారు మరొకరు. ఆ పరీక్ష బంధుత్వాన్ని సూచిస్తుంది కానీ పేర్లు చెప్పదు.

కోస్తా జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడినవారికి దారి కొంత వేరుగా ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఏర్పాటైన ఇనాం కమిషన్ తయారు చేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో ఇనాందారుల వయసు, మూల గ్రహీతతో బంధుత్వం వంటి వివరాలు ఉంటాయి కనుక ఇనాము ఉన్న కుటుంబాలకు అవి పెన్నిధి. అక్కడ ఫసలీ ఏడాది జూలైలో మొదలవుతుందని గుర్తుంచుకోవాలి. ముత్తాతలు దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్ళినవారైతే, 1860 నుంచి 1911 దాకా సాగిన ఆ వలసల ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు దొరుకుతాయి. కాశీ, గయ, ప్రయాగలలో తీర్థ పురోహితుల పుస్తకాలున్నాయి, కుటుంబంలో ఎవరైనా యాత్రకు వెళ్ళి ఉంటే సంతకమో వేలిముద్రో ఉండే అవకాశం ఉంది. మా కుటుంబంలో అంత దూరం ఎవరూ వెళ్ళలేదు.

ఈ సంస్థకు, లేదా ఇటువంటి మరొకదానికి, పని అప్పగించేవారు ఒక్క షరతు రాతలో పెట్టించుకోవాలని నా సూచన. వంశవృక్షంలోని ప్రతి పేరు పక్కన దానికి ఆధారమైన కాగితం సంఖ్య, ఆ కాగితంలోని సర్వే నంబరు, తేదీ ఉండాలి. చార్టు అచ్చుకు వెళ్ళేముందు అన్ని అనువాదాలూ ఇంటి పెద్దకు చదివి వినిపించాలి. బాపుకు ఆ మిసిల్ అనువాదాన్ని ముందే వినిపించి ఉంటే, గుట్ట దిక్కు పొలం పేరు వినగానే ఆయన అక్కడికక్కడే తేల్చి ఉండేవారు.

వెతకడానికీ చదవడానికీ ఐదుకు ఐదు, చార్టుకు ఒకటి, అమ్మ వైపు చేసిన పనికి సున్నా. మొత్తం మీద మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ మూడో పుట దొరకకపోయి ఉంటే రెండే ఇచ్చేదాన్ని.